ముందు హాలుకి పబ్లిక్‌ని తెచ్చినవాడు

పదకొండేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఎంత బరువంటే, దించి కాటా మీద పెడితే నాచారం ఫ్యాక్టరీలో లారీలు తూచే ముల్లు ఒక చుట్టు తిరిగొచ్చి సిగ్గుతో నిలబడిపోతుంది. మా ఆవిడ దాన్ని నా పొట్ట అనుకుంటోంది. డాక్టరు గ్యాసన్నాడు, మాత్రలిచ్చాడు. మాత్రలకి కరిగేది కాదని నాకొక్కడికే తెలుసు.

మీకు తప్ప ఎవరికీ చెప్పడం లేదు. మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలీదు. ఇంతకంటే నిక్షేపమైన స్నేహం ఎక్కడ దొరుకుతుంది?

ముందే ఒక హెచ్చరిక. నేను దేన్నీ ఉన్నంతలో చెప్పలేను. మా పెరట్లో మూరెడు సొరకాయ కాస్తే నా నోట్లో పడేసరికి బారెడవుతుంది. వీధి కుక్క తరిమితే ఇంటికొచ్చి కనీసం తోడేలని చెబుతాను. ఈ గుణంతోనే వారపత్రికల్లో నాలుగు హాస్య వ్యాసాలు వేయించుకున్నాను, పెళ్ళిళ్ళలో పందిరి కింద నలుగురిని పోగేసుకుని నవ్వించాను. కాబట్టి కింద అంకెలు కనిపిస్తే సగం చేసుకుని చదవండి. ఒక్కచోట మాత్రం ఆ లెక్క పనికిరాదు. అక్కడ నేను పెంచలేదు. మింగేశాను. ఇన్నేళ్ళూ ఆ కథ చెప్పిన ప్రతిసారీ, ఆ పది నిమిషాలు మింగేసే చెప్పాను.

మా ఆఫీసు ఉప్పల్ చౌరస్తాకి కూతవేటు దూరంలో వరంగల్ రోడ్డు మీద ఉంది. మూడంతస్తులు. ఆ రోజుల్లో ఉప్పల్‌లో మూడంతస్తులంటే మాటలా? చుట్టూ పెంకుటిళ్ళూ జొన్నచేలూ. మధ్యలో మేం. మేడెక్కితే వరంగల్ కోట కనిపిస్తుందని మా కృష్ణా జిల్లా బంధువులకి కార్డు రాశాను. వరంగల్ బస్సు కనిపించేది, అంతవరకు నిజం. సిబ్బంది అందరం ఆ భవనాన్ని ‘టవర్’ అని పిలుచుకునేవాళ్ళం. ఫ్యాక్టరీ నాచారంలో, దాని కాగితాలన్నీ టవర్‌లో.

ఆ టవర్‌కి ఒక ముందు హాలు. మేడ మెట్లన్నీ ఆ హాలు చివర్నే ఉన్నాయి కాబట్టి, పైన ఏ సెక్షన్‌కి పోవాలన్నా దాన్ని దాటాల్సిందే. దాటడం మాత్రం ఎవడి తరం? ముందు కటకటాల గేటు. మనిషి పక్కకి తిరిగి ఊపిరి బిగబడితే పట్టేంత మాత్రమే తెరిచేవాళ్ళు. ఒకసారి ఒక సిమెంటు కాంట్రాక్టరు పొద్దున పదింటికి అందులో ఇరుక్కుని భోజనాల వేళకి గానీ ఊడి రాలేదు. లోపల కిటికీలకి అడ్డంగా ఇనప బీరువాలు, కాళ్ళు విరిగిన కుర్చీల గుట్ట, పట్టపగలు దీపం, గుండెల ఎత్తు కౌంటరు. గోడ మీద మూడు భాషల్లో ‘అనుమతి లేనిదే లోపలికి రాకూడదు’ అని బోర్డు. చదువు రానివాళ్ళ కోసం యాదగిరి.

యాదగిరి మా దర్వాను. ఉప్పల్ మనిషే. ఆరడుగుల ఒడ్డూ పొడుగూ, ఇంటి దూలం లాంటి మీసం. స్టూలు మీద కూర్చుని అప్పటికి ఎనిమిదేళ్ళుగా ఒకటే ప్రశ్న అడుగుతున్నాడు: “ఏడికి?” ఆ ఒక్క మాటకే వచ్చినవాళ్ళలో సగం మందికి తామెక్కడికి వచ్చారో గుర్తుండేది కాదు.

అలా ఉండగా బొంబాయి నుంచి కొత్త మేనేజరు గారు వచ్చారు. మొదటి రోజు యాదగిరి ఆయన్ని కూడా “ఏడికి?” అన్నాడు. పావుగంటసేపు ఎండలో నిలబెట్టాడు. మనమైతే ఉద్యోగం తీసేద్దుం. ఆయన లోపలికొచ్చి, చెమట తుడుచుకుని, ముందు హాలంతా ఒకసారి కలియజూసి, “ఈ ఊళ్ళవాళ్ళ భూముల్లో మనం ఫ్యాక్టరీ కట్టుకున్నాం. మన గుమ్మంలో నిలబడ్డానికి వాళ్ళు భయపడుతున్నారు. ఇది ఊరికి మనం వేసిన అరుగులా ఉండాలి. బస్సు కోసం నిలబడ్డవాడు కూడా వచ్చి కూర్చోవాలి” అన్నారు. ఆ పని చేయించమని నాకు అప్పగించారు. జనాన్ని నవ్వించేవాడికి జనం సంగతి తెలిసి ఉంటుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మూడు నెలలు. బీరువాలు జరిపితే వెనకాల కిటికీలున్నాయని తెలిసింది. వెలుతురు పడ్డాక, ఆరేళ్ళుగా పక్కపక్కన పనిచేస్తున్న ఇద్దరు గుమాస్తాలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నమస్కారం పెట్టుకున్నారు. గచ్చు తవ్వి మొజాయిక్ వేయించాం. దాన్ని సాన పట్టే మిషను పదకొండు రోజులు ఏకధాటిగా అరిచింది. హాలంతా పాలసముద్రంలా తెల్లటి బురద. మేడ మీద మేమంతా సైగలతో ఉద్యోగం చేశాం. ఆ తర్వాత నెలరోజులు ఇళ్ళలో కూడా అరిచే మాట్లాడేవాళ్ళం. ఆ నెల్లో మా వీధిలో జరిగిన సగం తగాదాలు ఆ మిషను పుణ్యమే.

కౌంటరు పడగొట్టించాను. గోడల వెంట టేకు బెంచీలు, పైన నాలుగు ఫ్యాన్లు, మూలన ఇసక మీద రెండు పెద్ద మంచినీళ్ళ రంజన్లు, వాటి మీద ఇత్తడి గ్లాసులు, కుండీల్లో క్రోటన్లు, చదువుకోవడానికి పేపర్లు. పాత బోర్డు పీకించి ‘రండి, కూర్చోండి, మంచినీళ్ళు తాగండి’ అని కొత్తది రాయించాను. కటకటాల గేటు ఆ చివరినుంచి ఈ చివరిదాకా మొదటిసారి తెరిచిననాడు అది పెట్టిన కేకకి చౌరస్తాలో రెండు ఎడ్లు బెదిరాయి. నా జీవితంలో నేను చేయించిన అందమైన పని అదొక్కటే. ఇందులో అతిశయం లేదు. అందంగానే ఉంది.

ఎవరూ రాలేదు.

వారం రోజులు చూశాం. ఒక్క ప్రాణి రాలేదు. మొజాయిక్ తళతళలాడిపోతుంటే తడిగా ఉందనుకుని పంచె మోకాళ్ళదాకా ఎగ్గట్టి, ఒక కాలు పెట్టి, వెనక్కి తీసుకునేవాళ్ళు. కొందరు చెప్పులు రోడ్డు మీదే విడిచి గేటు దగ్గర దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఇక యాదగిరికి స్టూలు తీసేసి, ‘ఏడికి’ మానేసి ‘రండి’ అనమని నేర్పాను. పాపం నేర్చుకున్నాడు. కానీ ఎనిమిదేళ్ళ గొంతు ఎక్కడికి పోతుంది? అదే మీసం, అదే ఉరుము, “రాన్రి” అని గర్జించేవాడు. జనం రోడ్డు దాటి అవతలి పక్కకి పరిగెత్తేవాళ్ళు.

అప్పుడు కబురొచ్చింది. గురువారం బొంబాయి నుంచి ఛైర్మన్ గారు వస్తున్నారు. లాబీ, అంటే మా ముందు హాలు, చూడ్డానికి. లాబీలో పబ్లిక్ ఎలా కూర్చుంటున్నారో చూడ్డానికి.

మేనేజరు గారు నన్ను పిలిపించారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, అంతే. నేనే అన్నాను, “పబ్లిక్ సంగతి నాకొదిలేయండి సార్.”

ఇక్కణ్ణుంచీ పందిళ్ళ కింద నేను చెప్పే కథ. మీరు కూడా ఎక్కడో వినే ఉంటారు.

ఆ గురువారం తొమ్మిదింటికల్లా నా బంధువర్గం దిగింది. రామంతాపూర్ నుంచి మా మేనత్త, ఆవిడ వెనక రెండు రిక్షాల్లో ఆవిడ సంతానం. అంబర్‌పేట నుంచి మా పెదబావ, ఆయన తమ్ముళ్ళు, వాళ్ళ వియ్యాలవారు. మొత్తం నలభై రెండు మంది. పట్టుచీరలు, జరీకండువాలు, మల్లెపూలు, రెండు క్యారియర్ల పులిహోర. ‘మామూలు బట్టల్లో రండి’ అని చెప్పిన మాట నిజం. మావాళ్ళు నలుగురు ఒకచోట చేరడమంటే పెళ్ళే, పెళ్ళికి మామూలు బట్టలుండవు.

“ఎవరూ ఎవరినీ ఎరగనట్టు కూర్చోవాలి” అని బెంచీల మధ్య తిరుగుతూ చెప్పాను.

“ఎంతసేపురా ఎరగనట్టు?” అంది మేనత్త. “నాకు అరగంట దాటితే నడుం పట్టేస్తుంది.”

“పెళ్ళికొడుకేడిరా?” అన్నారు పెదబావ. ఆయనకి సంగతి మూడుసార్లు చెప్పాను.

ఆస్తి తగువుతో ఆరేళ్ళుగా మాటల్లేని ఇద్దరు అన్నదమ్ములు ఆ రోజు అందరికంటే బాగా నటించారు. ఒకాయన రెండో ఆయన వైపు తిరిగి, “తమరిదే ఊరండీ?” అన్నాడు. రెండో ఆయన తన ఊరు చెప్పి, “తమరి తండ్రిగారి పేరు?” అన్నాడు. ఇద్దరి తండ్రీ ఒకడే. పేరు చెప్పుకుని ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ మధ్యాహ్నం ఒకే రిక్షాలో ఇంటికి వెళ్ళారు. ఇది మాత్రం సగం చేయకండి, మొత్తం నిజం.

ఛైర్మన్ గారు పదకొండింటికి వచ్చారు. మా పెదబావని హిందీలో ఏదో అడిగారు. ఈయనకి హిందీ రాదు. వచ్చినవాళ్ళని ఆదరించడం వచ్చు. క్యారియరు మూత తీసి పులిహోర పెట్టారు. ఛైర్మన్ గారు తిన్నారు. మారు అడిగి తిన్నారు. మా మేనత్త ‘ఇంకాస్త’ అని వడ్డించింది. పబ్లిక్ అంటే ఇలా ఉండాలని ఛైర్మన్ గారు ఇంగ్లీషులో అన్నారట. ఈలోగా అవతలి బెంచీ మీద మా మేనత్త చిన్నకొడుక్కీ అంబర్‌పేట పిల్లకీ పెళ్ళిచూపులు అయిపోయాయి. ఎవరూ చెప్పకుండా వాటంతటవే. శ్రావణంలో పెళ్ళి. ఆ దంపతులు ఇప్పటికీ మొజాయిక్ కనిపిస్తే సిగ్గుపడతారు.

జనం ఇక్కడ పడి పడి నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వుతూ ఆగిపోతాను.

తొమ్మిదికి మావాళ్ళు దిగారన్నాను. పదకొండుకి ఛైర్మన్ గారు వచ్చారన్నాను. మరి పది దాటి పది నిమిషాలకి ఏం జరిగింది?

అప్పటికి ఫ్యాక్టరీ రెండో షెడ్డు కోసం నాచారంలో మరికొన్ని భూములు తీసుకున్నారు. భూమి పోయిన ఇంటికి ఒక పర్మనెంటు ఉద్యోగం. జాబితా ఉంది. పిలుపు కాయితం అందినవాళ్ళు చెప్పిన తేదీలోగా తామే వచ్చి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో సంతకమో వేలిముద్రో వేయాలి. రాకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకి పోతుంది. ఆ సెక్షన్ మేడ మీద. అంటే ముందు హాలు దాటాలి.

ఆ రోజు నేను నా పెళ్ళి కోటు వేసుకున్నాను. టై కట్టుకున్నాను. అరసీసా నూనెతో జుట్టు అణిచి, నల్లద్దాలు పెట్టుకున్నాను. మా ఆవిడే గుమ్మంలో నన్ను చూసి ఎవరు కావాలండీ అనబోయింది. ఆ వేషంలో గేటు దగ్గర నిలబడి ఉంటే ఒకావిడ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఉతికి మడత పెట్టిన నీలం చీర. కాళ్ళ నిండా నాచారం నుంచి నడిచొచ్చిన దుమ్ము. ఆవిడ పేరు సత్తెమ్మ. పేరు నాకు అప్పుడు తెలీదు, అడగలేదు కూడా. భర్త పోయాడని, ఫ్యాక్టరీకి పోయిన భూమిలో ఎకరన్నర వాళ్ళదేనని, అవన్నీ తర్వాత తెలిశాయి. చెంగు ముడి విప్పి కాయితం తీసి, నాకు అందించబోయింది.

“గిది జర సూడున్రి సారు. ఏలిముద్ర ఎయ్యాల్నట. ఇయ్యాల్నే ఆఖరి దినం.”

“ఇవాళ ఎవరినీ లోపలికి పంపకూడదమ్మా. పెద్దసారు వస్తున్నారు.”

ఆవిడ నా భుజం పక్కనుంచి లోపలికి తొంగి చూసింది.

“గంత మంది కూసున్నరు గద సారు.”

“వాళ్ళు పబ్లిక్.”

“మరి నేనెవ్వలను సారు?”

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. తను ఎవరి కిందికి వస్తుందో తెలిస్తే ఆ వరసలో నిలబడదామని అడిగింది.  

యాదగిరి నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు, ఆ మనిషి మెల్లగా మాట్లాడ్డం నేను వినడం అదే మొదటిసారి: “సారు, గామెను పోనియ్యున్రి. పక్కపొంటి మెట్లెక్కి పోతది. నౌకరి పని.”

ఎనిమిదేళ్ళు ఊరందరినీ ఆపినవాడు ఒక్క మనిషిని పోనివ్వమన్నాడు. ‘రండి’ అని బోర్డు రాయించిన నేను ఆపాను. ఎందుకు? ఆలోచించాను, చాలాసార్లు ఆలోచించాను. పక్కగానైనా సరే, హాల్లో ఆ దుమ్ము కాళ్ళు నడిస్తే మొజాయిక్ మీద అడుగులు పడతాయని. ఛైర్మన్ గారు ఏ క్షణాన్నైనా దిగుతారని. పట్టుచీరల మధ్య ఆ నీలం చీర నా బొమ్మని చెడగొడుతుందని. ఇవన్నీ నిజమే, కానీ వీటన్నిటి కింద ఇంకొకటి ఉంది, అది రాయడానికి చేయి రావడం లేదు: నా నలభై రెండు మంది నకిలీ జనం మధ్యకి ఒక అసలు మనిషి వస్తే, మిగతావాళ్ళు నకిలీ అని ఇట్టే తెలిసిపోతుందని భయమేసింది.

“రేపు రా. నేను లోపల చెప్పి పెడతాను. పూచీ నాది” అన్నాను.

“మర్సిపోరు గద సారు?”

“మరిచిపోను.”

ఆవిడ కాయితం మళ్ళీ చెంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. నేను టై సర్దుకున్నాను. మరిచిపోయాను. పెద్దసారు, పులిహోర, పెళ్ళిచూపులు, పొగడ్తలు. సాయంత్రందాకా భూమ్మీద నడిచిన గుర్తు లేదు.

ఇంతవరకే అయితే మతిమరుపు అనుకుని వదిలేద్దుం. మర్నాడు పొద్దున నేను మామూలు చొక్కాలో, జోళ్ళు టపటపలాడించుకుంటూ ఆఫీసుకి వచ్చాను. ముందు హాలు బోసిగా ఉంది. ఒక్క మనిషి. ఫ్యాను కింద టేకు బెంచీ చివర, ఆనీ ఆననట్టు కూర్చుని ఉంది. కాళ్ళు శుభ్రంగా కడుక్కుని వచ్చింది. మా లాబీలోకి వచ్చి కూర్చున్న మొట్టమొదటి పబ్లిక్ ఆవిడ.

పైన అడిగిందట. తేదీ దాటిపోయింది, కింద కూర్చో అన్నారట. నన్ను చూసి లేచి నిలబడింది.

“సారు, నిన్న కోటేసుకున్న సారు ఏడున్నడు? ఆయనే రేపు రమ్మన్నడు. లోపల జెప్తనన్నడు.”

నల్లద్దాలు లేవు. నూనె లేదు. ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. లేక అప్పుడు పట్టలేదనే నేను అనుకున్నాను. ఒక్క ముక్క చాలు: నేనేనమ్మా. ఒక్క ముక్క. నా నోరు ఎన్నడూ ఖాళీగా ఉండదు కదా, అది దానంతటదే అల్లేసింది.

“ఆయన బొంబాయి నుంచి వచ్చిన సారమ్మా. రాత్రి రైలుకే వెళ్ళిపోయాడు.”

“అయ్యో” అంది ఆవిడ. మళ్ళీ కూర్చుంది. పైన తిరుగుతున్న ఫ్యాను చూసి, “సల్లగున్నది సారు ఈడ” అంది.

మేనేజరు గారు పిలిచారు. ఆయన బల్ల మీద రెండు కాయితాలున్నాయి. ఒకటి ఛైర్మన్ గారి మెప్పు, నా పేరుతో. రెండోది సత్తెమ్మది. “నిన్న వచ్చానంటోంది. గేటు దగ్గర మీరే కదా ఉన్నది. వచ్చి ఉంటే చెప్పండి, ఇప్పుడే నేను సంతకం పెడతాను. లేకపోతే పన్నెండింటికి తర్వాతి పేరుని పిలుస్తారు” అన్నారు. యాదగిరిని కూడా పిలిపించారు. వాడు తలుపు దగ్గర నిలబడ్డాడు.

టైము పదిన్నర. పన్నెండింటిదాకా దారి బార్లా తెరిచే ఉంది. వచ్చింది సార్ అంటే చాలు. ఎందుకు పంపేశారని అడుగుతారు. హాలు నిండిపోయిందంటాను. ఎవరితో అని అడుగుతారు. అక్కడ నా మేనత్త దొరుకుతుంది. ఆ మెప్పు కాయితం మడత పెట్టి సొరుగులో పడేస్తారు. అంతకంటే ఏం జరిగేది? ఉద్యోగం పోయేదా? పోయేది కాదు. నవ్వులపాలయ్యేవాణ్ణి. నవ్వించడమే బతుకైనవాడు తను నవ్వులపాలు కావడానికి ఇంత భయపడతాడని నాకు అంతవరకు తెలీదు.

“రాలేదు సార్. మేమిద్దరం గేటు దగ్గరే ఉన్నాం” అన్నాను.

మేమిద్దరం. యాదగిరి నోరు తెరిచేలోపు వాడి అబద్ధం కూడా నేనే చెప్పేశాను. అక్కడితో ఆగానా? పాపం తేదీ మరిచిపోయి ఉంటుంది సార్, చదువు లేనివాళ్ళు కదా, అని జాలి కూడా ఒలకబోశాను. కాయితం అందిన రోజునుంచీ ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్న తేదీ అది.

పన్నెండింటికి జాబితాలో తర్వాతి ఆవిడ వచ్చి వేలిముద్ర వేసింది. ఆవిడదీ భూమి పోయిన ఇల్లే. తప్పు ఆవిడది కాదు. ఇప్పుడు నిజం చెప్పినా ఒకరి కంచంలోంచి తీసి ఒకరికి పెట్టాలి. ఈ మాట చెప్పుకునే రెండేళ్ళు నిద్రపోగలిగాను.

సత్తెమ్మ ఆ తర్వాత మా ఆఫీసు ఎదురుగా కుంపటి పెట్టుకుని మక్కకంకులు కాల్చి అమ్మడం మొదలుపెట్టింది. బాగానే సాగుతోంది. బస్సు ఆగితే ముందు ఆవిడ చుట్టూ మూగుతారు. నోరు మంచిది, ఉప్పూ కారం రాస్తూ కండక్టర్లని ఆటపట్టిస్తుంది. మనసులో ఎన్నిసార్లు వాదించుకున్నానో: చూడు, ఫ్యాక్టరీలో ఊడ్చే పని కంటే ఇదే నయం, తనకి తనే రాణి. నిజమేనా? ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకి జ్వరమొస్తే కంపెనీ దవాఖానా ఉంది. వానొస్తే జీతం ఆగదు. సత్తెమ్మ కుంపటి ఆరిపోతుంది. ఆ రెండో ఆవిడ యూనిఫాం చీరలో, భుజాన సంచితో ఫ్యాక్టరీ బస్సు దిగి, ఒక్కోసారి సత్తెమ్మ దగ్గరే కంకి కొంటుంది. ఇద్దరూ నవ్వుతూ మాట్లాడుకుంటారు. అది చూసిన రోజు నేను అన్నం సగంలో లేస్తాను.

నేనూ కొంటాను. రోజూ. వద్దనుకున్నా కాళ్ళు అటే పోతాయి. గంపంతా కదిలించి లేతది వెతికి నా కోసం తీస్తుంది. “మీకు పండ్లు గట్టిగ లేవు గద సారు” అని ఎగతాళి చేస్తుంది. ఎందుకు నాకే లేతది? రోజూ కొనేవాడిననా? లేక కోటు తీసేసినా మనిషి అదేనని తనకి ఏనాడో తెలుసా? తెలిసి, నేనెప్పుడు చెబుతానా అని చూస్తోందా? పదకొండేళ్ళుగా ఆ కళ్ళలోకి చూస్తున్నాను. కారం మంట తప్ప ఏమీ తెలియడం లేదు.

ముందు హాలు మాత్రం ఇప్పుడు చూడాలి మీరు. మేనేజరు గారు కోరుకున్న అరుగు అదే అయింది. బస్సుల వాళ్ళు, బట్టల మూటల వాళ్ళు, పరీక్షలకి చదువుకునే కాలేజీ వాళ్ళు, మధ్యాహ్నం కునుకు తీసే ముసలాళ్ళు. రంజన్లు రెండు సరిపోక నాలుగయ్యాయి. ఎండ ముదిరితే సత్తెమ్మ కూడా కుంపటి మీద రేకు బోర్లించి లోపలికొచ్చి, నీళ్ళు తాగి, మెట్ల పక్కన నేల మీద చెంగు పరుచుకుని పడుకుంటుంది. ఎవరూ ‘ఏడికి’ అనరు.

పోయిన నెల యాదగిరి రిటైరయ్యాడు. సభ పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. ఇంకేముంది, లాబీ కథే చెప్పాను. కాంట్రాక్టరు ఇరుక్కోవడం, ‘రాన్రి’ గర్జన, పులిహోర, పెళ్ళిచూపులు. అప్పటి మేనేజరు గారు ఎప్పుడో బదిలీ అయిపోయారు కాబట్టి మేనత్త సంగతి దాచాల్సిన పని కూడా లేదు. సభంతా కుర్చీల మీదనుంచి జారిపోయింది. కొందరు ఇప్పటికీ లేవలేదని వినికిడి. అయ్యాక యాదగిరి మెళ్ళో దండతోనే నా దగ్గరికి వచ్చాడు.

“మస్తు జెప్పిన్రు సారు. నేను గూడ నవ్విన” అన్నాడు. దండలోంచి ఒక రేకు తీసి నలుపుతూ నిలబడ్డాడు. “గని ప్రతిసారి గామె గేటు కాడికి వచ్చే యాళ్ళకే మీరు ఇంకో దాంట్లకు దుంకుతరు. నేను ఎప్పటికీ సూస్తుంట, ఈసారన్న జెప్తడేమో అని.”

కోపం లేదు. పదకొండేళ్ళుగా ఒక కథ చివరిదాకా వినాలని కూర్చున్న శ్రోత గొంతు అది. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

అందుకని రాస్తున్నాను. పేరు రాయను. అంత ధైర్యం ఉంటే కాయితమెందుకు, రోడ్డు దాటితే సరిపోతుంది. సత్తెమ్మకి చదువు రాదు కాబట్టి ఇది చదవదని నాకు తెలుసు. ఆ తెలివితోనే రాస్తున్నానని కూడా తెలుసు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, ఆ అధికారం మీకు లేదు. వినండి చాలు.

ఆవిడ వచ్చింది. చెప్పిన తేదీకే వచ్చింది. ఆఫీసు మూసే వేళకి ఏడు గంటల ముందే వచ్చింది. వెనక్కి పంపింది నేను. మర్నాడు రాలేదన్నది నేను. ఆ ఉద్యోగం ఆవిడది.

రాశాను. చేతులు తేలికగా ఉన్నాయి. పెళ్ళి పందిరిలో ఎంతమంది నవ్వినా ఈ తేలిక రాలేదు. ఎదురుగా కిటికీలోంచి చూస్తే బస్సు ఆగింది, సత్తెమ్మ ఎవరితోనో బేరమాడుతోంది. ఆవిడకి మాత్రం ఇవాళ కూడా ఏమీ అందలేదు.